తండ్రి ఆస్తి ఉంటేనే సొంతిల్లా? రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు, కేంద్ర ఆర్థిక శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖ, గృహనిర్మాణ శాఖ, పురపాలక శాఖల గౌరవ మంత్రులకు, కేంద్ర ఆర్థిక శాఖ గౌరవ మంత్రి గారికి నమస్కారములు.

నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఒక బ్యాంకులో గృహరుణాల దరఖాస్తులు పరిశీలిస్తూ గడిపి, పదవీ విరమణ చేసినవాడిని. ఈ లేఖలోని విషయాలను విడివిడిగా మీ కార్యాలయాలకు వినతిపత్రాలుగా పంపుకున్నాను. వినతిని సంబంధిత విభాగానికి పంపినట్టు జవాబులు వచ్చాయే తప్ప, ఆ విభాగం ఏమనుకుంటున్నదో ఎవరూ తెలియజేయలేదు. అందుకే ఇప్పుడు పదిమందీ చదివేలా రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన నగరాలలో ఒక ఉద్యోగి ఇల్లు కొనగలడా లేదా అన్నది అతని జీతం మీద కన్నా అతని తండ్రి ఏం మిగిల్చాడన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతున్నది. ఇది ధరలు పెరగడం వల్ల దానంతట అదే వచ్చిన పరిస్థితి కాదు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి దారి పొడవునా మినహాయింపు ఇస్తూ, జీతంతో కొనేవాడి దగ్గర మెట్టు మెట్టుకూ వసూలు చేసే నిబంధనలు దీన్ని ఇంత దూరం తెచ్చాయి. ఆ నిబంధనలు మీ చేతుల్లో ఉన్నాయి కనుక ఈ లేఖ మీకే రాస్తున్నాను.

ముందుగా వాస్తవాలను మీ ముందు ఉంచుతాను.

1. మార్జిన్ సొమ్ము, అంటే రుణం పోను కొనేవాడు సొంతంగా పెట్టుకోవలసిన డబ్బు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య రుణానికి 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకే బ్యాంకు ఇవ్వగలదు. బ్యాంకుల భద్రత కోసం పెట్టిన ఈ నియమంతో నాకు పేచీ లేదు. కానీ ఆ విలువ లెక్కలో స్టాంపు డ్యూటీని, రిజిస్ట్రేషన్ రుసుమును కలపకూడదు. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రమే కలపవచ్చునని 2015లో సడలింపు ఇచ్చారు. ఇవాళ హైదరాబాదులో గానీ, విశాఖపట్నంలో గానీ, విజయవాడలో గానీ 10 లక్షలకు ఫ్లాట్ ఎక్కడ దొరుకుతుందో ఆ సడలింపు ఇచ్చినవారే చెప్పాలి.

60 లక్షల పాత ఫ్లాటు ఒకటి తీసుకుని లెక్క చూద్దాం. రుణం 48 లక్షలకు మించదు. చేతి నుంచి 12 లక్షలు పెట్టుకోవాలి. మీ రెండు రాష్ట్రాలలోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిపి 7.5 శాతం చొప్పున మరో నాలుగున్నర లక్షలు కట్టాలి. అంటే తాళంచెవి చేతికి రాకముందే 16.5 లక్షలు నగదుగా ఉండాలి. నెలకు 15 వేలు తప్పకుండా పక్కన పెట్టగలిగే ఉద్యోగికి, వడ్డీ మాట పక్కన పెడితే, ఇది తొమ్మిదేళ్లకు పైబడిన పొదుపు. ఆ తొమ్మిదేళ్లూ ఫ్లాటు ధర కదలకుండా ఉండదు. రుణం వచ్చాక 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లపాటు కట్టవలసిన నెలసరి కిస్తీ సుమారు 41,650 రూపాయలు. కిస్తీ కట్టగల శక్తి ఉండి కూడా మార్జిన్ దగ్గర ఆగిపోయినవారినే నేను ఎక్కువగా చూశాను. వారి జీతంలో లోపం లేదు. వెనక ఆస్తి లేకపోవడమే లోపం.

2. చేతికిచ్చే సొమ్ము. దీని గురించి అందరికీ తెలుసు, అధికారికంగా ఎవరూ మాట్లాడరు. పైన చెప్పిన 60 లక్షల ఫ్లాటుకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ప్రభుత్వ విలువ 42 లక్షలు ఉన్నదనుకుందాం. అమ్మేవాడు 42 లక్షలకే దస్తావేజు రాయిస్తానంటాడు. మిగతా 18 లక్షలు "చేతికి" ఇవ్వాలి. బ్యాంకు దస్తావేజు విలువనే చూస్తుంది కనుక రుణం 33.6 లక్షలకు పడిపోతుంది. ఇప్పుడు కొనేవాడు సొంతంగా తెచ్చుకోవలసింది 26.4 లక్షలు, 42 లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు 3.15 లక్షలు, వెరసి 29.55 లక్షలు. నెలకు 15 వేలు దాచే మనిషికి ఇది పదహారేళ్లు దాటిన పొదుపు. ఇదంతా దేనికోసం? రిజిస్ట్రేషన్ ఖర్చులో 1.35 లక్షలు మిగులుతాయని కొనేవాడికి చెప్తారు. అమ్మేవాడికి ఆదాయపు పన్ను మిగులుతుంది. ఆ మిగులు కోసం కొనేవాడు అదనంగా 13 లక్షలకు పైగా నగదు వెతుక్కోవాలి.

ఈ 18 లక్షలు ఎవరి దగ్గర ఉంటాయి? జీతం బ్యాంకు ఖాతాలో పడుతుంది, ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. ఊరవతల నాన్న పేరిట ఉన్న పొలంలో ఇరవై గుంటలు అమ్మి, అందులో కొంత చేతికి తీసుకున్నవాడి దగ్గర మాత్రం ఆ సొమ్ము ఉంటుంది. ఆ విధంగా ఒక ఆస్తి అమ్మకంలో పుట్టిన లెక్కలేని డబ్బు మరో ఆస్తిలోకి వెళుతుంది. స్థిరాస్తి లావాదేవీలలో 20 వేలు, అంతకు మించిన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015లోనే నియమం పెట్టారు. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా కూడా ఉంది. నియమం ఉండగానే ఈ లావాదేవీలు సాగుతున్నాయంటే కారణం ప్రభుత్వ విలువకూ అసలు ధరకూ మధ్య మీరు వదిలిపెట్టిన ఖాళీయే. తెలంగాణలో 2013 తరువాత 2021 దాకా ఆ విలువలను ముట్టుకోనే లేదు.

నా ముందుకు వచ్చిన రెండు దరఖాస్తుల గురించి ఇక్కడ చెప్పాలి. గుర్తు పట్టే వివరాలు వదిలేస్తున్నాను. ఇద్దరిదీ ఒకే కార్యాలయం, ఒకే హోదా, జీతంలో తేడా వందల్లోనే. ఒకరి తండ్రికి నగరం అంచున భూమి ఉంది, మరొకరి తండ్రి విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. మొదటి వ్యక్తి సగానికి పైగా ధర సొంతంగా కట్టి చిన్న రుణం తీసుకుని మూడు పడకగదుల ఫ్లాటులోకి వెళ్లాడు. రెండో వ్యక్తికి శాంక్షన్ లెటర్ ఇచ్చాం. అమ్మేవాడు "డాక్యుమెంట్ ఇంతకే, మిగతాది చేతికి" అన్న తరువాత అతను చిట్టీ పాట పాడాడు, భార్య నగలు తాకట్టు పెట్టాడు, చివరికి పర్సనల్ లోనుకు దరఖాస్తు చేశాడు. ఆ కిస్తీలు లెక్కలో చేరేసరికి గృహరుణానికి అతని అర్హతే తగ్గిపోయింది. బయానా కింద ఇచ్చిన డబ్బు వెనక్కి రాలేదు. శాంక్షన్ లెటర్ గడువు తీరాక ఫైలు మూసిన సంతకం నాదే. ఫైలు మూయడానికి గల కారణం గడిలో "దరఖాస్తుదారు విరమించుకున్నారు" అని రాయడం ఆనవాయితీ. ఇళ్ల కొనుగోలు లెక్కలు చూసే అధికారులకు ఆ గడిలోని మాట ఒక్కటే అందుతుంది.

3. వారసత్వానికి ఉన్న మినహాయింపులు. మన దేశంలో వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద పన్ను లేదు. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985లో రద్దు చేశారు. దాని గరిష్ఠ రేటు ఒక దశలో 85 శాతం. వచ్చేది ఏడాదికి 20 కోట్లే, వసూలుకు అయ్యే ఖర్చు ఎక్కువ అన్నది ఆనాటి ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ చెప్పిన కారణం. 1957 నాటి సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. ఆ పన్ను అంతకు ముందు 2013-14లో దేశమంతటి నుంచీ తెచ్చింది 1,008 కోట్లే. ఇవి వసూలు కాని పన్నులు అన్న వాదనలో నిజం ఉంది. 85 శాతం రేటు పెట్టి ఇరవై కోట్లు రాబట్టడం ఎవరూ మెచ్చే పని కాదు.

కాబట్టి నేను అడుగుతున్నది పాత పన్నును యథాతథంగా తెమ్మని కాదు. మిగిలి ఉన్న మినహాయింపులను ఒకసారి వరుసగా చూడమంటున్నాను. వీలునామా మీద స్టాంపు డ్యూటీ లేదు. కుటుంబంలో రాసుకునే దాన సెటిల్‌మెంటుకు అమ్మకం దస్తావేజు కన్నా తక్కువ సుంకం. దగ్గరి బంధువుల నుంచి వచ్చిన బహుమతికి ఎంత పెద్దదైనా ఆదాయపు పన్ను లేదు. పురపాలక సంఘం జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల హద్దు దాటి ఉన్న వ్యవసాయ భూమిని అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. హద్దు లోపల ఉన్న ఆస్తి అమ్మినా, ఆ లాభాన్ని ఇంకో ఇంటిలో పెడితే 10 కోట్ల వరకు మినహాయింపు ఉంది. ఆ 10 కోట్ల గరిష్ఠ పరిమితి కూడా 2023లో వచ్చిందే, అంతకు ముందు పరిమితే లేదు. 2025 బడ్జెట్ తరువాత యజమాని ఏ షరతూ లేకుండా రెండో ఇంటిని కూడా సొంత వాడకం కింద చూపి, దాని మీద అద్దె వచ్చినట్టు ఊహించి పన్ను కోసం లెక్కగట్టే ఆదాయం లేకుండా చేసుకోవచ్చు.

రైతుకు ఇచ్చిన మినహాయింపును తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పొలం దున్ని బతికినవాడికి అది దక్కవలసిందే. కానీ ఈ మినహాయింపులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని, చివరకు నగరంలో అపార్ట్‌మెంటు కొనేచోట ఒక పక్షాన మోహరిస్తున్నాయి. రెండో పక్షాన ఉన్న ఉద్యోగికి ఏమున్నది? ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా కొత్త విధానంలో పన్ను లేకుండా చేశారు, అందుకు కృతజ్ఞుడిని. ఆ పైన సంపాదించేవాడు అదే విధానంలో తాను నివసించే ఇంటి రుణం మీద కట్టే వడ్డీకి ఒక్క రూపాయి తగ్గింపు పొందలేడు. పాత విధానంలో ఉన్న 2 లక్షల తగ్గింపు కూడా ఇక్కడ లేదు. అటు 10 కోట్లు, ఇటు సున్నా.

4. "అందుబాటు ధర" నిర్వచనం. 2019 ఏప్రిల్ 1 నుంచి, నిర్మాణంలో ఉన్న ఇల్లు 45 లక్షల లోపు ఉండి, హైదరాబాదు వంటి మహానగరాలలో 60 చదరపు మీటర్లు, ఇతర చోట్ల 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు (ఇంటి లోపల వాడుకోగల వైశాల్యానికి) మించకపోతే 1 శాతం జీఎస్టీ, లేకుంటే 5 శాతం. ధర అప్పటి నుంచి ఎంతో మారింది, 45 లక్షలు మారలేదు. 45 లక్షల ఫ్లాటుకు 45 వేలు కట్టేవాడు, 46 లక్షలదైతే 2.3 లక్షలు కట్టాలి. బిల్డర్లు ఆ హద్దుకు లోపల కట్టడం మానేస్తారు గానీ, హద్దు దగ్గర ఆగరు.

5. ప్రభుత్వమే పాడించిన వేలంపాట. 2023 ఆగస్టులో కోకాపేటలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ జరిపిన వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. 45 ఎకరాల పైచిలుకు భూమికి 3,319 కోట్లు వచ్చాయి. ఖజానాకు డబ్బు అవసరమని నాకు తెలుసు. ఆ డబ్బుతో పనులు జరుగుతాయనీ తెలుసు. కానీ వేలం జరిగిన మర్నాడే ఆ వార్తను చేతిలో పట్టుకుని చుట్టుపక్కల ప్రతి ఇంటి స్థలం యజమానీ తన ధర సవరించుకుంటాడు. వేలంలో పాల్గొనని, పాల్గొనలేని లక్షలమంది ఆ ధరను మోస్తారు. ఆ చుట్టుపక్కల తాతల నాటి భూమి ఉన్న కుటుంబాలకు ఒక్క పూటలో ఆస్తి పెరిగింది. అక్కడ పనిచేస్తూ మియాపూర్ అవతలో, పటాన్‌చెరు అవతలో అద్దెకు ఉండే ఉద్యోగికి రోజుకు ఇంకో గంట ప్రయాణం పెరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో మధ్యతరగతి కోసమని 2007లో రాజీవ్ స్వగృహ పథకం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి పూర్తి చేయకుండా వదిలేశారు. బండ్లగూడ, పోచారం ఫ్లాట్లను 2022లో లాటరీ ద్వారా అమ్మారు. పేదలకు ఇచ్చే ఇళ్లకు మధ్యతరగతి ఉద్యోగి ఆదాయం ఎక్కువ, మార్కెట్‌లో ఇళ్లకు ఇతని పొదుపు తక్కువ. మధ్యలో ఉన్న ఈ మనిషి కోసం తలపెట్టిన పథకాలలో అదొకటి, దానికి పట్టిన గతి అది.

6. వారసత్వం చేరనివారు. వారసత్వం మీద నగరం నడుస్తున్నప్పుడు, ఆ వారసత్వం ఎవరికి అందడం లేదో కూడా చూడాలి. ఈ విషయంలో మన ఉమ్మడి రాష్ట్రానికి మంచి చరిత్ర ఉంది. దేశం కన్నా ముందే, ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ద్వారా 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని హిందూ కుటుంబాల ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో సంబంధం లేకుండా ఈ హక్కు పుట్టుకతో వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చట్టం అలా ఉంటే ఆచరణ రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో కనిపిస్తుంది. పెళ్లినాడు పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని అన్నదమ్ములంటారు. డాక్యుమెంట్ రైటర్ హక్కు విడుదల పత్రం ముందే టైపు చేసి ఉంచుతాడు. అక్కయ్యను ఊరి నుంచి పిలిపించి, చీర పెట్టి, సంతకం పెట్టించుకుంటారు. ఆ పత్రంలో ఆమె వదులుకుంటున్న వాటా ఇవాళ్టి ధరకు ఎంతో ఎవరూ చదివి వినిపించరు. వాటా అడిగిన ఆడపడుచుకు పుట్టింటి గడప మూసుకుపోతుంది. నేను చూసిన రుణ ఫైళ్లలో ఎన్నో లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులలో, ఈ విడుదల పత్రాలు ఉండేవి. ఆ అక్కచెల్లెళ్లలో కొందరు తరువాత ఎప్పుడో భర్తతో కలిసి మార్జిన్ సొమ్ము చాలక మా బల్ల ముందే కూర్చున్నారు.

ఇక అసైన్డ్ భూములు. భూమి లేని దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని పెద్దలు కాజేయకుండా 1977లో బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఆ రక్షణ అవసరమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్లు దాటిన భూములకు 2023లో సడలింపు కూడా ఇచ్చారు. అయినా దాని పర్యవసానం ఒకటుంది. పక్కపక్క సర్వే నంబర్లలో పట్టా భూమి ఉన్న కుటుంబం బిడ్డకు అది ఫ్లాటు మార్జిన్‌గా మారింది, అసైన్డ్ భూమి ఉన్న కుటుంబం బిడ్డకు మారలేదు. తరాలుగా భూమి లేనివారికి దక్కిన కాస్త భూమి కూడా నగరంలో గడప దాటించలేకపోయింది.

7. అద్దెకు ఉండేవారి పట్ల చూపు. ధర గురించి ఇంత చెప్పాక, మనిషి విలువ గురించి కొంత చెప్పక తప్పదు. సంబంధాలు చూసేటప్పుడు "సొంతిల్లేనా?" అన్న ప్రశ్న ఉద్యోగం గురించిన ప్రశ్న కన్నా ముందు వస్తున్నది. అద్దెకు ఇల్లు అడగబోతే "మీరేమిటోళ్లు?" అని కులం ఆరా తీసే యజమానులు చదువుకున్న కాలనీలలోనే ఉన్నారు. తండ్రి ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకున్నవాడు తన కష్టార్జితమని నమ్ముతాడు. అదే జీతంతో అద్దెకు ఉన్నవాడికి పొదుపు చేతకాదని సలహా ఇస్తాడు. అపార్ట్‌మెంటు సంఘాలలో అద్దెదారుకు నిర్వహణ రుసుము బాధ్యత ఉంటుంది, సమావేశంలో మాట మాత్రం ఉండదు. మెట్ల కింద ఒక్క గదిలో భార్యాపిల్లలతో ఉండే వాచ్‌మన్ సంగతి ఎవరి అజెండాలోనూ ఉండదు. ఈ చూపును చట్టంతో మార్చలేరు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇల్లు లేకపోవడం చేతకానితనమని జనం అనుకోవడానికి ఇన్ని నిబంధనలు ఊతమివ్వకుండా మాత్రం చూడగలరు.

ఇళ్లు లేకనే ఈ బాధ అనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాలలో ఇళ్ల కొరత కోటీ 88 లక్షలని అంచనా వేసి, అందులో 95 శాతానికి పైగా తక్కువ ఆదాయ కుటుంబాలదేనని తేల్చింది. ఖాళీ ఇళ్లు ఒకరివి, కొరత ఇంకొకరిది.

పన్ను మాట ఎత్తగానే "మంగళసూత్రం మీద కూడా పన్నా" అన్న గొడవ లేస్తుందని నాకు తెలుసు. 2024 ఎన్నికల ప్రచారంలో వారసత్వ పన్ను ఊసు వచ్చినప్పుడు అన్ని పక్షాలూ ఎంత త్వరగా చేతులు కడుక్కున్నాయో చూశాం. జపాన్‌లో ఈ పన్ను గరిష్ఠంగా 55 శాతం, బ్రిటన్‌లో నిర్ణీత పరిమితి దాటితే 40 శాతం. సింగపూర్, స్వీడన్ దాన్ని ఎత్తేశాయి. ఏది మేలన్నది తీరిగ్గా చర్చించదగిన విషయం. ఆ చర్చ తేలేదాకా ఆగనక్కరలేని పనులు ఉన్నాయి. వాటినే అడుగుతున్నాను.

డిమాండ్లు:

ఒకటి. రాష్ట్ర ప్రభుత్వాలు రిజిస్ట్రేషన్ కోసం తామే నిర్ణయించే ప్రభుత్వ విలువలను ఏటా, వీధుల వారీగా, అసలు ధరలకు దగ్గరగా సవరించాలి. అదే ఉత్తర్వులో, ఇంతవరకు ఏ ఇల్లూ లేని కుటుంబం కొనే మొదటి ఇంటికి మొత్తం సుంకాన్ని 7.5 నుంచి 5 శాతానికి తగ్గించాలి. విలువ ఒక్కటే పెంచి రేటు ఉంచేస్తే అది జీతగాడి మీద మరో బరువు అవుతుంది. రెండూ కలిపి చేస్తే ఏమవుతుందో పై ఉదాహరణతోనే చూడండి. 60 లక్షల ఫ్లాటుకు 42 లక్షల మీద 7.5 శాతం చొప్పున ఇవాళ మీకు వస్తున్నది 3.15 లక్షలు. పూర్తి 60 లక్షల మీద 5 శాతం చొప్పున 3 లక్షలు వస్తాయి. ఖజానాకు తగ్గేది 15 వేలు. కొనేవాడికి రుణం 33.6 లక్షల నుంచి 48 లక్షలకు పెరుగుతుంది, చేతి నుంచి తేవలసింది 29.55 లక్షల నుంచి 15 లక్షలకు తగ్గుతుంది. ఇతరుల కొనుగోళ్ల మీద పాత రేటు ఉంటుంది కనుక ఖజానాకు నికరంగా లాభమే. ఢిల్లీలో మహిళల పేరిట రిజిస్ట్రేషన్‌కు పురుషుల కన్నా తక్కువ డ్యూటీ ఉంది. కొనేవారిని బట్టి రేటు మార్చడం కొత్త సంగతి కాదు.

రెండు. స్టాంపు డ్యూటీని రుణ విలువలో కలుపుకునే 10 లక్షల పరిమితిని, కనీసం మీరే అందుబాటు ధర అంటున్న 45 లక్షలకు పెంచేలా కేంద్ర ఆర్థిక శాఖ రిజర్వు బ్యాంకుతో మాట్లాడాలి.

మూడు. ఆ 45 లక్షల పరిమితిని కూడా నగరాల వారీగా నిర్ణయించి, ఏటా సవరించాలి.

నాలుగు. ఆస్తి అమ్మిన లాభాన్ని ఇంటిలో పెట్టినవారికి ఇచ్చే 10 కోట్ల మినహాయింపును 2 కోట్లకు తగ్గించాలి. వేరే ఇల్లు ఉన్నవారికి అసలు వర్తించకూడదు. రెండో ఇల్లు ఖాళీగా ఉంచుకున్నవారికి 2025లో ఇచ్చిన వెసులుబాటును పునఃపరిశీలించాలి. తల్లిదండ్రులు ఉంటున్న ఇంటిని, పిల్లల చదువు కోసం వేరే ఊరిలో తీసుకున్న ఇంటిని తప్పకుండా మినహాయించండి. తాళం వేసి ధర పెరగడం కోసం చూసే ఇంటికి ప్రజల సొమ్ముతో రాయితీ ఎందుకో మాత్రం వివరించాలి.

ఐదు. ప్రభుత్వ భూమి వేలం వేసే ప్రతిచోటా, వేలానికి ముందే, అందులో కనీసం అయిదో వంతును అందుబాటు ధర ఇళ్లకు, ప్రభుత్వ అద్దె ఇళ్లకు కేటాయించాలి. వేలం నుంచి వచ్చిన సొమ్ములో ఎంత గృహనిర్మాణానికి వెళ్లిందో ఏటా శాసనసభ ముందు పెట్టాలి.

ఆరు. హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసే ముందు, వాటా వదులుకుంటున్న మహిళతో సబ్ రిజిస్ట్రార్ కుటుంబ సభ్యులు లేకుండా విడిగా మాట్లాడాలి. ఆమె వాటా విలువ ఇంత అని అంకెతో పత్రంలో రాసి, ఆమెకు చదివి వినిపించాలి. సంతకానికీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ముప్పై రోజుల గడువు ఉండాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఏడు. కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని ఉంది. ఆ నియమం రెండు రాష్ట్రాలలోనూ ఆచరణలోకి రావాలి. కులం, మతం అడిగి ఇల్లు నిరాకరించే యజమానుల మీద ఫిర్యాదు చేయడానికి అద్దెదారుకు జిల్లా స్థాయిలో ఒక చోటు చూపించాలి.

ఎనిమిది. ఏటా జరిగే నివాస గృహాల రిజిస్ట్రేషన్లలో మొదటి ఇల్లు కొన్నవారు ఎందరు, రెండో మూడో ఇల్లు కొన్నవారు ఎందరు, వాటిలో బ్యాంకు రుణం లేకుండా జరిగినవి ఎన్ని అన్న వివరాలు రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలూ ప్రకటించాలి. పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు. ఆ అంకెలు బయటికి వస్తే నేను చెప్పినదాంట్లో ఎంత నిజముందో ఎవరైనా లెక్క చూసుకోవచ్చు. తప్పని తేలితే నాకూ సంతోషమే.

వీటిలో ఒకటి, ఆరు, ఎనిమిది డిమాండ్లకు కొత్త చట్టం అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వులతోనే అమలు చేయవచ్చని నా అవగాహన. కాదంటే ఏ చట్టంలో ఏ నిబంధన అడ్డు వస్తున్నదో రాతపూర్వకంగా తెలియజేయగలరు. రాబోయే బడ్జెట్ సమావేశాల లోపు ఏ శాఖ నుంచీ సమాధానం రాకపోతే, ఎనిమిదో అంశంలోని వివరాలను సమాచార హక్కు చట్టం కింద జిల్లాల వారీగా కోరతాను. ఇదే పని తమ జిల్లాలలో చేయవలసిందిగా ఈ లేఖ చదివిన అద్దెదారులను, గృహరుణం తిరస్కరణకు గురైనవారిని, వాటా వదులుకున్న అక్కచెల్లెళ్లను కోరుతున్నాను.

ఇట్లు,
గృహరుణాల విభాగంలో పనిచేసి విరమించిన ఒక బ్యాంకు ఉద్యోగి